నింద పడిన చోటే తీర్పు వద్దు

(అపార్ట్‌మెంట్, కాలనీ, పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులు నడిపేవాళ్ల సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారమండీ. వినాయక చవితి నాడు అక్షింతలు చేత్తో పట్టుకుని శమంతకమణి కథ వినని వాళ్లు ఈ హాల్లో ఎవరైనా ఉన్నారా? లేరు కదా. సత్రాజిత్తు తమ్ముడు ప్రసేనుడు మణి వేసుకుని వేటకు వెళ్లాడు, తిరిగి రాలేదు. అంతకుముందు కృష్ణుడు ఆ మణి అడిగి ఉన్నాడు. ఇంకేముంది, కృష్ణుడే చంపి కాజేశాడన్నాడు సత్రాజిత్తు. ఊరంతా అదే మాట. కృష్ణుడు అడవికి వెళ్లాడు. ప్రసేనుడి శవం కనబడింది. అక్కణ్ణుంచి సింహం అడుగులు, ఆ తర్వాత ఎలుగుబంటి అడుగులు, గుహ, జాంబవంతుడు. ఇరవై ఎనిమిది రోజులు పోరాడి మణి తెచ్చి సత్రాజిత్తు చేతిలో పెట్టాడు.

ఏటా వింటాం. కానీ ఒక్కటి అడగం. ఆ కథలో దర్యాప్తు చేసింది ఎవరు? నింద పడినవాడే! నింద వేసినాయన ఇల్లు కదల్లేదు. కృష్ణుడు కాబట్టి అడవికి వెళ్లగలిగాడు, జాంబవంతుడితో తలపడగలిగాడు. మీ అపార్ట్‌మెంటులో వాచ్‌మన్ వెళ్లగలడా? నాలుగిళ్లలో గిన్నెలు తోమే అమ్మాయి వెళ్లగలదా? గ్రూపులో ఆమె మీద రెండు వందల మంది మాట్లాడుతుంటారు, ఆ గ్రూపులో ఆమె నంబరే ఉండదు. తన మీద ఏం పడిందో ఆమెకు తెలిసేది మర్నాడు గేటు దగ్గర ఆపినప్పుడే.

అందుకే ఇవాళ చెప్పదలచుకున్నది ఒకే మాట. నింద పడిన చోటే తీర్పు జరగకూడదు. నింద వినడానికి గ్రూపు బయట ఒక చోటు ఉండాలి, వినేవాళ్లు వేరే ఉండాలి. మిగతా అంతా ఇది ఎలా చేయాలన్నదే.

ఒక సందేశం తీసుకుందాం. కల్పించిందే, కానీ ఇలాంటిది మీ అందరి ఫోన్లలోనూ వచ్చి ఉంటుంది. రాత్రి పదిన్నర. “బోరు మోటారు బిల్లు చూశారా? బయట 38 వేలకు దొరికేది 53 వేలకు కొన్నారు. మిగతాది ఎవరి జేబులోకి పోయిందో అందరికీ తెలుసు.” దీన్ని నిదానంగా చూడండి. ఇందులో మూడు మాటలున్నాయి. 53 వేల బిల్లు ఉందన్నది మొదటిది. ఫైలు తీస్తే ఐదు నిమిషాల్లో తేలుతుంది. బయట 38 వేలన్నది రెండోది. ఏ కంపెనీ? 5 హెచ్‌పీనా, 7.5 హెచ్‌పీనా? ప్యానెల్ బోర్డు, కేబులు, పాత మోటారు పైకి లాగిన కూలీ కలిపా, కలపకుండానా? జీఎస్టీతోనా, లేకుండానా? ఇది తేల్చాలంటే రెండు కొటేషన్లు పక్కపక్కన పెట్టాలి, ఒక రోజు పని. ఇక మూడో మాట, “అందరికీ తెలుసు.” ఎవరి పేరూ లేదు చూశారా! కానీ కోశాధికారి ఒక్కరే ఉంటారు. పేరెత్తకుండానే ముద్ర పడిపోయింది. ఆ మాటకు రుజువేమిటని అడగండి, ఏమీ ఉండదు. “నిప్పు లేనిదే పొగ రాదు కదండీ” అంటారు, అంతే.

మొదటి రెండు మాటలు అడిగే హక్కు ప్రతి సభ్యుడికీ ఉంది. మెయింటెనెన్సు కడుతున్నాడు, లెక్క అడుగుతాడు, అడగాలి కూడా. మూడో మాటను మాత్రం విడదీయాలి. అడ్మిన్ చేసే తప్పు ఎక్కడుందంటే, ఈ మూడింటినీ ఒకే ముద్దగా చూస్తాడు. ముద్దగా చూసి మొత్తం సందేశం డిలీట్ చేస్తాడు, లేదా మొత్తం వదిలేస్తాడు. డిలీట్ చేస్తే “ఈ సందేశాన్ని అడ్మిన్ తొలగించారు” అని పేరుతో సహా కనబడుతుంది. ఇక ఆ క్షణం నుంచి గొడవ మోటారు గురించి ఉండదు, మీ గురించి ఉంటుంది. వదిలేస్తే తెల్లారేసరికి నూట యాభై సందేశాలు, అందులో కోశాధికారి కొడుకు కొత్త బండి ఫొటో కూడా వచ్చి ఉంటుంది.

మరి ఏం చేయాలి? మొదటి గంటలో ఒకే ఒక్క సందేశం పెట్టండి, అంతకన్నా వద్దు. రాసుకోండి. “బోరు మోటారు బిల్లుపై అడిగిన ప్రశ్న చూశాం. బిల్లు, కొటేషన్లు శనివారం సాయంత్రం 7 గంటల్లోగా ఇక్కడే పెడతాం. ఎవరి మీదనైనా ఫిర్యాదు ఉంటే వినే ముగ్గురిలో ఒకరికి పంపండి. అప్పటిదాకా ఈ విషయంలో వ్యక్తుల ప్రస్తావన వద్దు.” ఇందులో ప్రశ్నను ఒప్పుకున్నారు, గడువు చెప్పారు, దారి చూపించారు, ముద్ర వేయడాన్ని ఆపారు. గడువులో రోజుతో పాటు గంట కూడా చెప్పండి. “త్వరలో” అన్న మాట ఎవరినీ ఆపదు. శనివారం ఏడింటికి బిల్లు దొరక్కపోతే, బిల్లు దొరకలేదనే పెట్టండి. గడువు దాటి మౌనంగా ఉన్నారంటే ఆ మూడో మాటకు మీరే బలం పోసినట్టు.

ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకోండి. కొన్నింటిని వెంటనే తొలగించాల్సిందే. ఫోన్ నంబరు, ఇంటి లోపలి ఫొటో, పిల్లల ఫొటో, లైంగిక వేధింపు బాధితురాలిని గుర్తుపట్టించే ఏ వివరమైనా సరే. ఈ చివరిది నేరం కూడా. అత్యాచారం లాంటి కేసుల్లో బాధితురాలి గుర్తింపు బయటపెడితే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు ఉంది. తొలగించే ముందు మీ ఫోన్లో స్క్రీన్‌షాట్ తీసి ఆ ముగ్గురికి ఇవ్వండి. ఎందుకు తొలగించారో గ్రూపులో ఒక్క వాక్యం రాయండి. ఆ ఒక్క వాక్యం చాలా గొడవల్ని మొదట్లోనే ఆపుతుంది.

ఎవరా ముగ్గురు, అని వెనక నుంచి అడుగుతున్నారు. చెబుతా. గొడవ రాకముందే ఎంచుకున్న ముగ్గురు. అందులో కనీసం ఒక మహిళ. కనీసం ఇద్దరు కమిటీలో లేనివాళ్లు. అడ్మిన్ ఎవరూ ఉండకూడదు, మళ్లీ చెబుతున్నా, అడ్మిన్ ఉండకూడదు. ఫిర్యాదు ఈ ముగ్గురిలో ఒకరి బంధువు మీదో, వ్యాపార భాగస్వామి మీదో వస్తే ఆయన పక్కకు జరగాలి, ఆ స్థానంలోకి రావడానికి నాలుగో పేరు ముందే రాసి పెట్టుకోండి. గొడవ వచ్చాక ముగ్గురిని వెతికితే ఎవరు దొరుకుతారు? అటు మనిషో ఇటు మనిషో దొరుకుతాడు.

ఫిర్యాదు వచ్చినప్పుడు ఐదు ప్రశ్నలు అడగాలి. ఏం జరిగింది? ఎప్పుడు? ఎక్కడ? మీకెలా తెలుసు? మీరేం కోరుతున్నారు? అన్నింటికన్నా బరువైనది నాలుగోది. “మీకెలా తెలుసు” అంటే కళ్లతో చూశారా, ఎవరో చెబితే విన్నారా, రెండు విషయాలు కలిపి ఊహించారా? ఈ మూడింటికీ మూడు విలువలు. “నేను చూశాను” అని మొదలైన ఫిర్యాదు రెండో ప్రశ్నకు “మా పక్కింటావిడ చూసింది” అవుతుంది, మూడో ప్రశ్నకు “అలా అనుకుంటున్నారు” అవుతుంది. అలా జారినంత మాత్రాన ఫిర్యాదు అబద్ధమని కాదు. మనం మాట్లాడాల్సింది పక్కింటావిడతో అని అర్థం. ఫిర్యాదు అందిందని 24 గంటల్లో రాతపూర్వకంగా చెప్పండి. ఎవరి మీద ఆరోపణో వాళ్లకు ఆరోపణ ఏమిటో రాసి ఇచ్చి, జవాబుకు ఐదు రోజులు ఇవ్వండి. మొత్తం 15 రోజుల్లో ముగించండి. పేరు లేకుండా వచ్చిన కాగితాన్ని కూడా చించెయ్యొద్దు. బిల్లు నంబరు, తేదీ లాంటి సరిచూడగలిగింది ఉంటే చూడండి. కేవలం మాట మీద నిలబడేదైతే, ఆ మాట ఎవరిదో తెలియకుండా దాన్ని ఒక మనిషి మీద వేయలేం.

స్క్రీన్‌షాట్ల దగ్గర కాసేపు ఆగుదాం, చాలామంది బోల్తా పడేది ఇక్కడే. వాట్సాప్‌లో పంపిన సందేశాన్ని 15 నిమిషాల్లోపు మార్చుకోవచ్చు. రెండున్నర రోజుల దాకా అందరికీ కనబడకుండా తీసేయవచ్చు. నంబరును ఏ పేరుతో సేవ్ చేసుకుంటే పైన ఆ పేరే కనబడుతుంది. అంటే నా ఫోన్లో ఎవరి నంబరునైనా మీ పేరుతో పెట్టుకుని, మీరు నన్ను తిట్టినట్టు స్క్రీన్‌షాట్ తీయగలను. నిమిషం పట్టదు. కాబట్టి బొమ్మ చూసి నమ్మకండి. ఫోనే తెమ్మనండి. ఆ సంభాషణ తెరిచి, పేరు మీద నొక్కి నంబరు చూడండి. వివాదంలో ఉన్న సందేశానికి ముందు ఇరవై, తర్వాత ఇరవై చదవండి. వీలైతే అవతలి వ్యక్తి ఫోన్లోనూ అదే చోట చూడండి. కనుమరుగయ్యే సందేశాల సెట్టింగు ఉంటే 24 గంటలు, 7 రోజులు, 90 రోజుల్లో ఏది పెట్టుకున్నారో దాని ప్రకారం పోతాయి. ఫిర్యాదు రాగానే దాన్ని ఆఫ్ చేయించండి. వ్యవహారం కోర్టు దాకా వెళ్లేలా ఉంటే ఫోను జాగ్రత్తగా ఉంచమనండి, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి.

ఇప్పుడు అసలు చిక్కు. విచారణ ముగిశాక ఏం తేలుతుంది? నిజమని తేలొచ్చు. అబద్ధమని తేలొచ్చు. ఎక్కువసార్లు ఏదీ తేలదు. ఈ మూడోదానికి మనవాళ్లకు ఓపిక ఉండదు. తేలలేదంటే ఒక పక్షం “చూశారా, అబద్ధమే” అంటుంది, ఇంకో పక్షం “చూశారా, కప్పిపెట్టారు” అంటుంది. రెండూ తప్పే. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో చట్టం వచ్చింది కదా, అందులో 14వ సెక్షన్ చూడండి. దురుద్దేశంతో అబద్ధపు ఫిర్యాదు చేస్తే చర్య తీసుకోవచ్చంది. ఆ వెంటనే, ఫిర్యాదును నిరూపించలేకపోయినంత మాత్రాన ఫిర్యాదు చేసినామెపై చర్య అక్కర్లేదని కూడా చెప్పింది. నిరూపించలేకపోవడం వేరు, అబద్ధమాడడం వేరు. చట్టమే ఇంత స్పష్టంగా విడదీసినప్పుడు మన గ్రూపులో ఎందుకు కలిపేస్తాం?

తేలనప్పుడు మనిషిని శిక్షించకండి, ఏర్పాటును మార్చండి. మోటారు సంగతే తీసుకోండి. కమీషన్ తిన్నాడని రుజువు లేదు, తినలేదనీ రుజువు లేదు. కోశాధికారిని గ్రూపు నుంచి తీసేయకూడదు, రాజీనామా అడగకూడదు. కానీ రేపటి నుంచి పది వేలు దాటిన ఏ కొనుగోలుకైనా మూడు కొటేషన్లు, చెక్కు మీద రెండు సంతకాలు, బిల్లు వచ్చిన మూడు రోజుల్లో ఫొటో గ్రూపులో. ఈ కట్టుబాటు అందరికీ, ఆయన ఒక్కడికే అని చెప్పకూడదు. కోశాధికారి నిజాయితీపరుడైతే ఈ పద్ధతి ఆయనను కాపాడుతుంది, కాకపోతే మన డబ్బును కాపాడుతుంది. గ్రూపులో పెట్టే ముగింపు సందేశంలో “నిర్దోషి” అని రాయకండి, “దోషి” అని రాయకండి. “బిల్లు, రెండు కొటేషన్లు చూశాం. ఆరోపణకు ఆధారం దొరకలేదు. ఇకపై కొనుగోళ్ల పద్ధతి ఇది” అని, అంతే రాయండి.

అయితే ఈ 15 రోజుల పద్ధతికి కొన్నింటిని అసలు తీసుకురాకూడదు. పిల్లల మీద లైంగిక దాడి అనుమానమా? పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన వెంటనే పోలీసులకు చెప్పాలి, మీ ముగ్గురూ కూర్చుని విచారించకూడదు. ఇంట్లో పనిచేసే అమ్మాయి మీద లైంగిక వేధింపా? ఆమె కోసం ఆ 2013 చట్టం కిందే జిల్లాలో స్థానిక కమిటీ ఉంటుంది, అక్కడికి దారి చూపండి. నగ పోయిందా? పోలీస్ స్టేషన్‌కు. పనమ్మాయి సంచీ తడిమే అధికారం ఏ అసోసియేషన్‌కూ లేదు, ఏ అడ్మిన్‌కూ లేదు.

ఇంకొకటి, ఊళ్లో దొంగ తిరుగుతున్నాడు, పిల్లల్ని ఎత్తుకెళ్లేవాళ్లు వచ్చారు అని ఫొటోతో వస్తాయే, అవి. 2018 జులైలో హైదరాబాద్ నుంచి వెళ్లిన ఒక ఇంజినీరును బీదర్ జిల్లా ముర్కి గ్రామంలో ఇలాంటి వదంతి నమ్మిన జనం కొట్టి చంపారు. పిల్లలకు చాక్లెట్లు ఇచ్చినందుకు అనుమానం, దాని వెనక వాట్సాప్ వీడియో. అదే ఏడాది జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఊరూరికీ పోలీసుల్ని పంపి, డప్పుతో, పాటలతో వదంతుల మీద చెప్పించారు. అంత నెమ్మదైన పని! కానీ మనుషులు ఎదురుగా కూర్చుని విన్నారు, అందుకే పనిచేసింది. మీ గ్రూపులోకి అలాంటి ఫొటో వస్తే చర్చ పెట్టకండి. తొలగించండి, స్టేషన్‌కు ఫోన్ చేయండి, స్టేషన్ వాళ్లు ఏమన్నారో అది గ్రూపులో పెట్టండి.

చట్టం గురించి భయపడుతున్నారు కాబట్టి రెండు ముక్కలు. సభ్యుడు పెట్టిన సందేశానికి అడ్మిన్ జైలుకు వెళ్తాడా? కేవలం అడ్మిన్ అయినందుకు వేరొకరి సందేశానికి బాధ్యుణ్ణి చేయలేమని బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి 2021 మార్చిలో, కేరళ హైకోర్టు 2022 ఫిబ్రవరిలో చెప్పాయి. మీరే పెట్టిన మాటకు మాత్రం మీరే బాధ్యులు. పరువునష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్, రెండేళ్ల దాకా శిక్ష ఉంది. అందులో ఎనిమిదో మినహాయింపు చదవండి. అధికారం ఉన్నవాళ్ల దగ్గర సద్భావంతో ఆరోపణ చేస్తే అది పరువునష్టం కాదు. పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదుకూ, మూడు వందల మంది ముందు విసిరిన మాటకూ తేడా చట్టంలోనే ఉంది.

ఇక అడ్మిన్ల సంగతి. కంచే చేను మేస్తే ఏం చేయాలి? నిందను వినే చోటు వేరుగా పెట్టమన్నది ఇందుకే. ఆరోపణ అడ్మిన్ మీదే అయితే, డిలీట్ బటను ఎవరి చేతిలో ఉంది? గ్రూపు నుంచి తీసేసేది ఎవరు?

వికీపీడియాలో దీనికి పెద్ద పాఠాలున్నాయి. క్రొయేషియన్ భాష వికీపీడియాను ఏళ్ల తరబడి ఒక చిన్న నిర్వాహకుల (అక్కడి అడ్మిన్ల) బృందం తమ గుప్పిట్లో పెట్టుకుంది. చరిత్రను తమ జాతీయవాదానికి తగ్గట్టు రాయడం, కాదన్నవాళ్లను నిషేధించడం. 2013లో ఆ దేశపు విద్యామంత్రే దాన్ని వాడొద్దని విద్యార్థులకు చెప్పాల్సి వచ్చింది. వికీపీడియాను నడిపే సంస్థ వికీమీడియా ఫౌండేషన్ చేయించిన పరిశీలన నివేదిక వచ్చింది 2021లో. ఇన్నేళ్లు ఎందుకు పట్టింది? నిషేధం మీద అప్పీలు వెళ్లేది నిషేధించినవాళ్ల దగ్గరికే కాబట్టి. వ్యతిరేకంగా ఓటేసేవాళ్లు అప్పటికే నిషేధంలో ఉన్నారు కాబట్టి.

రెండో పాఠం దీనికి అటువైపుది. 2019 జూన్‌లో ఇంగ్లీష్ వికీపీడియాలో ఒక నిర్వాహకుణ్ణి ఫౌండేషన్ ఏడాది పాటు నిషేధించింది. ఏం చేశాడో బయటికి చెప్పలేదు, ఫిర్యాదుదారుల రక్షణ కోసమంది. చాలామంది నిర్వాహకులు నిరసనగా పదవులు వదిలేశారు. చివరికి సభ్యులు ఎన్నుకున్న మధ్యవర్తిత్వ సంఘం ఆ కాగితాలు పరిశీలించింది. సెప్టెంబరులో నిషేధం ఎత్తేసింది, నిర్వాహక హోదా మాత్రం తిరిగి ఇవ్వలేదు. ఫిర్యాదు చేసినవాళ్ల పేరు దాచాలి, నిజమే. కానీ ఆరోపణ సారాంశం దాచితే, శిక్ష సరైనదే అయినా ఎవరూ నమ్మరు.

తెలుగు వికీపీడియాలో అందరూ మాట్లాడుకునే పేజీ పేరు రచ్చబండ. ఎంత చక్కటి పేరు! అక్కడ ఏ నిర్వాహకుడు ఏ పేజీ తొలగించాడు, ఎవరిని ఎంతకాలం నిరోధించాడు, కారణం ఏమని రాశాడు, అన్నీ చిట్టాలో ఉంటాయి, ఎవరైనా చూడొచ్చు. వాట్సాప్‌లో అలాంటి చిట్టా లేదు. కాబట్టి మనమే రాయాలి. ఒక షీటు తెరవండి. తేదీ, ఏం చేశారు, ఎవరి విషయంలో, ఏ నియమం కింద, చేసిన అడ్మిన్ పేరు. ఐదు గడులు. చదివే వీలు అందరికీ, రాసే వీలు అడ్మిన్లకు. సభ్యుణ్ణి తీసేయాలంటే ఇద్దరు అడ్మిన్లు ఒప్పుకోవాలి. తన మీద వచ్చిన విమర్శపై ఏ అడ్మినూ తనే చర్య తీసుకోకూడదు. “అడ్మిన్లు మాత్రమే పంపగలరు” అన్న సెట్టింగు పెడితే ఎన్ని గంటలకో ముందే చెప్పాలి, 24 దాటకూడదు. తీసేసిన ప్రతి ఒక్కరికీ ఆ ముగ్గురిలో ఒకరి నంబరు అందాలి. గ్రూపు బయట ఉన్నవాడు లోపల మొర పెట్టుకోలేడు కదా.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. వాట్సాప్ గ్రూపు మొదలుపెట్టిన వ్యక్తిని మిగతా అడ్మిన్లు తీసేయలేరు. తనంతట తను వెళ్తేనే. కాబట్టి అసోసియేషన్ గ్రూపును ఒక మనిషి సొంత నంబరు మీద తెరవకండి. అసోసియేషన్ పేరిట ఒక సిమ్ తీసుకోండి. కార్యదర్శి మారినప్పుడు తాళాలతో పాటు ఆ సిమ్ కూడా చేతులు మారాలి.

ప్రశ్నలు అడగమన్నాను, ఒకటే తీసుకునే సమయం ఉంది. అమ్మా, మీరు అడగండి. “తప్పుగా నింద వేశామని తేలితే ఏం చేయాలి?” అంటున్నారు. నింద ఎంతమంది ముందు పడిందో అంతమంది ముందు సవరణ పడాలి. అదే గ్రూపులో, మనిషి పేరుతో, ఏది తప్పని తేలిందో స్పష్టంగా. వాట్సాప్‌లో సందేశాన్ని 24 గంటలు, 7 రోజులు, 30 రోజులు పైన పిన్ చేయొచ్చు. 30 రోజులు పెట్టండి. నింద పెట్టిన సభ్యుణ్ణే రాయమనండి, రాయనంటే ఆ ముగ్గురూ రాయాలి. గ్రూపులో లేని మనిషైతే, ఆ పనమ్మాయే అనుకోండి, ముగ్గురిలో ఇద్దరు వెళ్లి ఆమెకు ఎదురుగా చెప్పాలి, ఆమె ఇంట్లోవాళ్లు ఉండగా చెబితే ఇంకా మంచిది. గేటు యాప్‌లో ఆమె రాకను ఆపి ఉంటే అదే పూట తీసేయించండి. గేటు రిజిస్టరులో ఆమె పేరు పక్కన ఏదైనా రాసి ఉంటే కొట్టేసి, తేదీ వేసి, కార్యదర్శి సంతకం పెట్టాలి. పని ఆపిన రోజుల జీతం ఇవ్వాలి, ఎన్ని ఇళ్లు ఆపితే అన్ని ఇళ్లవాళ్లూ.